మూడు కాళ్ళు

బుధవారపేటలో ఇల్లు బాడుగకు అడిగినప్పుడు
సుంకులమ్మ మొదటి మాట:
"కుక్క కూడదు, కోడి కూడదు,
పిల్లి అరిచినా ఖాళీ చేయాల."
అందుకే తెచ్చుకున్నాం
అరవనిదాన్ని.

ఆదివారం సంతలో, రంగులద్దిన కోడిపిల్లల బుట్ట పక్కన
రెండు చెవులపిల్లులు.
రెండూ ఆడవే అన్నాడు అమ్మేవాడు, ఒట్టు పెట్టి.
ఒకదానికి ముందు కాలు లేదు,
బోను తీగలో ఇరుక్కుని పోయిందంట.
దానికి సగం ధర.
రమీజా దాన్నే ఎత్తుకుంది, ఇంటిదాకా దించలేదు.
అప్పటినుంచి మా ఆయన నాతో వాదానికి దిగడు.
"నువ్వు పట్టిన కుందేలుకు..." అని మొదలుపెట్టి
గంప వైపు చూసి
నోరు మూసుకుంటాడు.

ఆయన ఉల్లి యార్డులో హమాలీ.
చొక్కాకు, చాపకు, పాప జడకు కూడా అదే వాసన.
చెవులపిల్లికి ఉల్లి విషమంట!
సి క్యాంపు రైతుబజారులో
పారేసిన ముల్లంగి ఆకులు, కొత్తిమీర కాడలు
చీకటిపడ్డాక ఏరుకొస్తాడు.
ఎవరైనా అడిగితే "మేకకు" అంటాడు.
నలభై దాటిన మొగోడు, బస్తాలు మోసే భుజం,
కుందేలుకని చెప్పడానికి సిగ్గు.

అరవదన్న మాట నిజమే.
కానీ నడిరేయి గోడ మీద పిల్లి నీడ కదిలితే
వెనక కాలితో బండను తంతుంది
ధడ్... ధడ్...
"రాత్రిపూట మీ ఇంట్లో ఏమే మాబున్నీ, దంచేది?"
"కారం అక్కా."
"నువ్వు డ్యూటీలో ఉంటివి కదా, ఎవరు దంచేది?"
"మా ఆయన."
ఆ రోజునుంచి సుంకులమ్మ ఆయన్ను చూసే చూపే వేరు.

మే నెల. కర్నూలు ఎండ సంగతి
కొత్తగా చెప్పేదేముంది.
మిట్టమధ్యాహ్నం బేతంచెర్ల బండల మీద
రెండూ పిండిముద్దల్లా పరుచుకుంటాయి.
గోతాం ఉతికి, తడిపి కిటికీకి కడతాను.
వాటికి చెమట పట్టదు.
ఒంట్లో వేడంతా చెవుల్లోంచే పోవాల,
వెలుతురుకు పట్టి చూస్తే
తమలపాకు ఈనెల్లా ఎర్రటి నరాలు.

పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో ఆయాను నేను.
పదహారేళ్ళుగా రాత్రి డ్యూటీ.
నొప్పులు నిజమో కాదో
మొగం చూసి చెబుతానని పేరు.
అయినా ఒక పొద్దున ఇంటికొచ్చేసరికి
మూడుకాళ్ళది తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుంటాంటే
గజ్జి అనుకున్నాను.
వేపాకు నూరి పూసి, గంపలో పెట్టుకుని పోతే
పశువుల డాక్టరు నా చీరనూ దాన్నీ మార్చి మార్చి చూసి,
"అమ్మా, అది గూడు కట్టుకుంటాంది."

ఆరు.
బొటనవేలంత, బట్టల్లేని, కళ్ళు తెరవని ఆరు.
తల్లి బొచ్చు కింద
ఒకటే గుండెలా ఎగసిపడుతూ.

తల్లేమో మంచం కింద, దూరంగా,
ఎవరి పిల్లలో అన్నట్టు.
రమీజా రెండు రోజులు ఓర్చుకుంది.
"మా, దీనికి పిల్లలంటే ఇష్టం లేదా?"
ఉందిరా. రోజుకు ఒక్కసారే పోయి పాలిస్తాది.
మళ్ళీ మళ్ళీ పోతే
వాసన పట్టి పిల్లి జాడ కనుక్కుంటాది.
రమీజా నా బ్యాగు వైపు చూసింది,
గుమ్మం దగ్గర విప్పని నా చెప్పుల వైపు చూసింది.
ఏమీ అడగలేదు.
ఆ పొద్దు నేను పడుకోకుండా
దాని జడ రెండుసార్లు వేశాను.

సాయంత్రం సుంకులమ్మ గిన్నెతో దిగింది.
"రోజూ దంచుతారు కదా,
ఒక గిన్నెడు కారం ఇయ్యి."
తలుపు తీసే ఉంది.
గంపను చూసింది. మంచం కింద చూసింది.
చాలాసేపటికి, మోకాళ్ళు పట్టుకుని వంగి,
"దీనికి నిజంగానే మూడు కాళ్ళే" అంది.
గిన్నె మరిచిపోయింది. లేదా వదిలిపోయింది.
ఇప్పుడు అందులో వాటికి నీళ్ళు.

ఖాళీ చేయమనలేదు.
బాడుగ మాత్రం రెండు నూర్లు పెంచింది.
కరెంటు పోయిన రాత్రి, నా సెలవు రోజు,
మిద్దె మీద ఉడుకుతున్న గచ్చు మీద వెల్లకిలా పడుకుని
నిండు చందమామను చూస్తా ఉసేనప్ప
తనలో తాను అన్నాడు:
"పాయె, ఆడున్నదానికి ఎంత బాడుగో."